తొలినాటి గవాక్షములు



శాసనమును చదువగోరువానికి లిపి తెలిసిన చాలును. కంప్యూటరు ప్రోగ్రాము సంగతి యట్లు కాదు. అది వ్రాయబడిన డిస్కు చేతికి వచ్చినను, దానిని నడపు యంత్రము లేనిచో నది మూగదియే. నలువది యేండ్ల నాటి ప్రోగ్రాములను వెదకువారి కష్టమిదియే.

1983 డిసెంబరులో విజికార్పు అను అమెరికా సంస్థ ‘విజి ఆన్’ను విడుదల చేసెను. అంతవరకు ఐ.బి.ఎం. పీసీకి ఆజ్ఞలను అక్షరములుగా టైపు చేయుచుండిరి. విజి ఆన్ తెరను గవాక్షములుగా విభజించి, మౌసుతో చూపి పని చేయించు పద్ధతిని తెచ్చెను. కాని దానికి 512 కిలోబైట్ల మెమరీయు, హార్డు డిస్కును కావలెను. ఆనాడవి అందరికి నందునవి కావు. పైగా దానికై క్రొత్త ప్రోగ్రాములు వ్రాయుటకు పీసీ చాలక, వ్యాక్స్ అను పెద్ద యంత్రము కావలసి వచ్చెను. వ్రాసినవారు అరుదు, కొన్నవారు కొద్ది. 1984లో విజికార్పు దానిని అమ్మివేసెను. అమ్ముడుపోయినదే కొద్దియైనపుడు మిగులున దెంత!

దానికి తోడు నకలు నిరోధము. దొంగనకళ్లకు వెఱచి నిర్మాతలు ఫ్లాపీ డిస్కుపై సామాన్య యంత్రము తిరిగి వ్రాయజాలని గుర్తు నొకదాని నుంచెడివారు. అది దొంగల నెంతవరకు ఆపినదో కాని, భద్రపరచువారిని మాత్రము బాగుగ నాపినది. ఫ్లాపీ యనగా అయస్కాంతపు పూతయే. ఏండ్లు గడచినకొలది క్షీణించును. అందుచే నేటి పరిశోధకులు డిస్కుపైనున్న అయస్కాంతపు మార్పులనే యథాతథముగ గ్రహించు పరికరములతో వానిని చదువుచున్నారు.

మైక్రోసాఫ్టువారి విండోస్ 1983 నవంబరులో ప్రకటింపబడి, 1985 నవంబరు 20వ తేదీన వెలువడెను. ప్రకటనకును వస్తువునకును నడుమ రెండేండ్లు! అందలి గవాక్షములు ఒకదానిపై నొకటి పడక, నేలపై పఱచిన పలకలవలె ప్రక్కప్రక్కన అమరును. దానికై వచ్చిన ప్రోగ్రాములును తక్కువయే. వెదకువారికి పనికివచ్చు సంగతి యొకటి కలదు. 1987లో పీసీకి వచ్చిన ఆల్డస్ పేజిమేకరు (తరువాత మన తెలుగు ముద్రణాలయములలో నింటిపేరైనదే) పెట్టెలో, విండోస్ లేనివారికొఱకు, ఆ ప్రోగ్రామును నడపుటకు చాలినంత విండోస్‌ను చేర్చి యమ్మిరి. కావున విండోస్ పేర దొరకనిది పేజిమేకరు పెట్టెలో దొరకవచ్చును.

దొరకినను, నేటి 64 బిట్ల విండోస్ ఈ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు. పాత పీసీని అనుకరించు 86బాక్స్ వంటి ఎమ్యులేటరు కావలెను. అందును జాగ్రత్త యవసరము: 1985 నాటి విండోస్, 1987లో వచ్చిన పీఎస్/2 మౌసు నెఱుగదు; సీరియల్ మౌసును ఎన్నుకొనవలెను. అన్నియు కుదిరినపుడు తెరపై కనబడునది బొమ్మలు కావు, దస్త్రముల పేళ్ల పట్టిక. అందు ‘రివర్సీ’ అను పేరుపై మౌసును రెండుమార్లు నొక్కిన, ఆటపలక తెరచుకొనును.