మన ఎడిసన్ నేలకీ దేవతలుండేవాళ్లు

అన్నలూ, అక్కలూ, కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

మనం రోజూ తిరిగే ఈ ఊరికి ఎడిసన్ అన్న పేరు 1954లో వచ్చింది. అంతకుముందు ఇది రారిటన్ టౌన్‌షిప్. మన ఊరి దక్షిణం అంచున పారే నది పేరే అది. ఆ పేరు తెల్లవాళ్లది కాదు, వాళ్లకంటే ముందు ఇక్కడ బతికిన లెనాపే జనానిది.

చెట్టులో, నీళ్లలో, జంతువులో, ఉరుములో ప్రాణమున్న శక్తులు ఉన్నాయని లెనాపేలు నమ్మేవాళ్లు. భూమిని అమ్మ అనీ, సూర్యుణ్ని అన్న అనీ వరస పెట్టి పిలిచేవాళ్లు. అడవి జంతువుల్ని కాచే మెసింగ్ అనే దేవుడూ ఉండేవాడు.

మనకిది కొత్తేం కాదు. మనకూ భూమి తల్లి, చంద్రుడు మామ. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. చాలా ఊళ్లలో వేపచెట్టు కింద పసుపు పూసిన రాయే అమ్మవారు. మేడారంలో సమ్మక్కకి విగ్రహం లేదు. కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె తెస్తారు, జాతర అయ్యాక తల్లి మళ్లీ అడవికే పోతుంది.

మరి ఇక్కడి దేవతలేమయ్యారు? భూములు పోయాక, 1758లో న్యూజెర్సీలోనే బ్రదర్టన్ అనే చోట లెనాపేలకి కొంత నేల కేటాయించారు. 1802కల్లా అక్కడివాళ్లు దాన్నీ వదిలి న్యూయార్క్ వైపు వెళ్లిపోయారు. మిగతా గుంపులు ఒహాయో, ఇండియానా, కాన్సాస్ మీదుగా ఓక్లహోమా చేరాయి. వాళ్ల పెద్ద పండగ పేరు బిగ్ హౌస్. నడిమి స్తంభానికి మొహాలు చెక్కిన చెక్క ఇంట్లో, పన్నెండు రాత్రులు, తమకి కలలో కనిపించిన దైవాన్ని ఒక్కొక్కరూ పాడేవాళ్లు. అంత దూరం పోయినా ఆ ఇల్లు మళ్లీ కట్టుకున్నారు. కానీ 1924 తర్వాత ఆ పండగ పూర్తిగా జరగలేదు. చెక్క దొరక్క కాదు, పాడే పెద్దలు తగ్గిపోయి. ఆ జనం మాత్రం ఓక్లహోమాలో, న్యూజెర్సీలో ఇప్పటికీ ఉన్నారు.

వాళ్లని తరిమారు, మనం ఉద్యోగం కోసం మనంతట మనమే వచ్చాం. రెండూ ఒకటి కాదు. వెంకన్న బ్రిడ్జ్‌వాటర్ దాకా వచ్చాడు, బతుకమ్మ, బోనాలు కూడా వచ్చాయి. కానీ ఊరి పొలిమేర కాసే పోలేరమ్మ పొలిమేర వదిలి ఎలా వస్తుంది? రాగలిగేది ఆమె పేరూ, కథా మాత్రమే. అవి చెప్పేవాళ్లు ఊళ్లో ముసలివాళ్లు, వినాల్సినవాళ్లు ఇక్కడ పుట్టిన మన పిల్లలు. మధ్యలో ఉన్నది మనమే.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, నానమ్మనో అడగండి, మన ఊరి చెట్టు కింద ఉన్న తల్లి ఎవరు, ఎందుకు వెలిసిందని. పిల్లల్ని స్పీకర్ దగ్గర కూచోబెట్టండి. కింద కామెంట్లో మీ ఊరి అమ్మవారి పేరు రాయండి, అందరం చదువుకుందాం.