అప్పు, పన్ను, పచ్చబొట్టు: డెరుంగ్ ప్రజల గతం

టిబెట్ ఆగ్నేయ కొసన జాయూ ప్రాంతపు మంచుకొండల్లో పుట్టిన దులోంగ్ నది, దక్షిణంగా చైనాలోని యునాన్ రాష్ట్రంలోకి దిగి, ఆ తరువాత పడమరకు మళ్లి మయన్మార్‌లో ప్రవేశించి న్మాయ్ నదిలో కలుస్తుంది. న్మాయ్, మలి నదులు కలిసిన చోటి నుంచి ఆ ప్రవాహాన్ని ఐరావతి అంటారు. రంగూన్ రేవుల్లోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనికి ఓడలెక్కిన కూలీల వల్ల ఐరావతి పేరు తెలుగు తీరానికి చిరకాలంగా పరిచితమే గాని, దాని ఎగువ పాయ ఒడ్డున నివసించే డెరుంగ్ ప్రజల పేరు తెలుగులో దాదాపు వినబడదు. చైనా ప్రభుత్వం గుర్తించిన 55 అల్పసంఖ్యాక జాతుల్లో అతి చిన్నవాటిలో ఒకటైన ఈ జాతి జనాభా 2010 జనగణనలో 6,930 కాగా 2020లో 7,310. వీరిలో ఎక్కువమంది నూజియాంగ్ లీసూ స్వయంపాలిత మండలంలోని గోంగ్‌షాన్ కౌంటీలోను, అందులోనూ ముఖ్యంగా దులోంగ్ లోయలోను ఉంటారు.

ఈ లోయకు తూర్పున గావ్‌లిగోంగ్ పర్వతశ్రేణి, పడమర మయన్మార్ సరిహద్దు పర్వతాలు గోడల్లా నిలిచి ఉన్నందువల్ల, డిసెంబరులో కనుమలు మంచుతో మూసుకుపోతే మళ్లీ మే నెల వచ్చేదాకా లోపలివారు బయటికి గాని, బయటివారు లోపలికి గాని రావడం ఇటీవలి వరకు సాధ్యమయ్యేది కాదు. డెరుంగ్ ప్రజలను గురించి రాసినవారిలో అధికులు ఈ ఒక్క భౌగోళిక సత్యాన్ని పట్టుకుని, లోకంతో సంబంధం లేకుండా మిగిలిపోయిన ఆదిమ సమాజంగా వారిని చిత్రించారు. కనుమలు ఆరు నెలలు మూసి ఉండేవన్నది నిజమే. తక్కిన ఆరు నెలలు అవి తెరిచి ఉండేవన్నదీ అంతే నిజం. ఆ ఆరు నెలల్లో లోపలికి వచ్చినవారు పన్ను వసూలుదారులు, ఉప్పు వర్తకులు, మనుషులను ఎత్తుకుపోయే దండులు. డెరుంగ్ చరిత్రను నడిపించినది ఒంటరితనం కన్నా ఎక్కువగా ఈ రాకపోకలే.

యువాన్ వంశపు కాలంలో సంకలనమైన సామ్రాజ్య భౌగోళిక గ్రంథంలో లీజియాంగ్ ప్రాంతపు ప్రజల జాబితాలో కనిపించే ఒక పేరు వీరిదేనని చైనా చరిత్రకారులు భావిస్తారు. చింగ్ వంశపు కాలంలో, పద్దెనిమిదో శతాబ్దంలో, సామ్రాజ్యానికి కప్పం కట్టే ప్రజల చిత్రాలతో తయారైన గ్రంథంలో వీరు ‘చ్యూ’ అనే పేరుతో కనిపిస్తారు. నదిని కూడా అప్పట్లో చ్యూ నది అనే పిలిచేవారు. కాగితం మీద వీరు చక్రవర్తి ప్రజలే అయినా, ఆచరణలో వీరిపై అధికారం మధ్యవర్తుల చేతుల్లో ఉండేది. మెకాంగ్ ఒడ్డున యెజీ కేంద్రంగా ఉన్న నాసీ జాతి నాయకుడు ఒకవైపు, ఉత్తరాన టిబెట్ పరిధిలోని త్సారోంగ్ ప్రాంతపు దొరలు మరోవైపు ఏటా వసూళ్లకు మనుషులను పంపేవారు. వీరు చాలరన్నట్లు సాల్వీన్ లోయ నుంచి లీసూ దండులు కనుమ దాటి వచ్చి మనుషులను బానిసలుగా పట్టుకుపోయేవి. ఒకే ఇంటివారు ఒకే ఏడు ఇద్దరు యజమానులకు చెల్లించుకోవలసి రావడం ఈ వ్యవస్థలో అసాధారణం కాదు.

ఇక్కడ పన్నుకు, వర్తకానికి, అప్పుకు మధ్య గీత గీయడం కష్టం. లోయలో ఉప్పు దొరకదు. ఇనుము కూడా బయటి నుంచి రావలసిందే. ఉప్పు, కత్తులు, పొయ్యి మీద కుండ నిలిపే ఇనుప ముక్కాళ్లు, పశువులు బయటివారు తెచ్చి ఇచ్చేవారు. వాటికి బదులుగా తేనెమైనం, జంతు చర్మాలు, కస్తూరి, జనపనార బట్ట, వైద్యంలో వాడే కాప్టిస్ అనే చేదు దుంప తీసుకునేవారు. సరుకు అరువు మీద ఇవ్వడం, ధరను ఇచ్చినవాడే నిర్ణయించడం, వద్దన్నవారికి కూడా ఉప్పు అంటగట్టి మరుసటి ఏడు వసూలుకు రావడం ఆనవాయితీ అయినందువల్ల, బాకీ తీరే అవకాశం తక్కువగాను, తరం నుంచి తరానికి పాకే అవకాశం ఎక్కువగాను ఉండేది. తీర్చలేనివారి పిల్లలు యజమాని ఇంటికి వెట్టికి పోయేవారు. ఈ సమాజాన్ని దీర్ఘకాలం పరిశీలించిన ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు స్తెఫాన్ గ్రో 2012లో వెలువరించిన గ్రంథంలో డెరుంగ్ జీవితాన్ని ఇచ్చిపుచ్చుకోవడం, అధికారం అనే రెండింటి ముడిగానే వివరించాడు. లోయను ఒంటరి దీవిగా చూసే కథనాల కన్నా ఈ వివరణ సాక్ష్యాలకు ఎక్కువ దగ్గరగా ఉంది.

బయటివారి రాతల్లో ఈ పరిస్థితి అంచెలంచెలుగా వెలుగు చూసింది. 1895లో టోంకిన్ నుంచి అస్సాం వరకు సాగిన యాత్రలో ఓర్లెయాన్ వంశపు ఫ్రెంచి రాకుమారుడు ఆన్రి తన బృందంతో ఈ నదిని దాటాడు. 1908లో చింగ్ ప్రభుత్వం సరిహద్దు వ్యవహారాలకు నియమించిన అధికారి శ్యా హూ లోయలోకి స్వయంగా వచ్చి, స్థానిక పెద్దలను నియమించి, నాసీ నాయకుడూ లీసూలూ ఇకపై కప్పం గాని బానిసలను గాని తీసుకోరాదని ఉత్తర్వు చేశాడు. ఆయన నివేదిక ఆ కాలపు వసూళ్లకు ముఖ్యమైన లిఖిత సాక్ష్యం. బ్రిటిష్ బర్మా ఉత్తరాదికి విస్తరిస్తున్న రోజుల్లో సరిహద్దు ప్రజల విధేయత చైనాకు అవసరమైందన్న సంగతిని కూడా ఆ ఉత్తర్వు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి. కరుణ ఒక్కటే ఆయనను అంత దూరం నడిపించలేదు. ఆ రాజవంశమే మూడేళ్లలో కుప్పకూలినందువల్ల ఉత్తర్వు చాలావరకు కాగితం మీదే మిగిలిపోయి, పాత వసూళ్లు మళ్లీ మొదలయ్యాయి. 1930ల నడుమ మానవశాస్త్రజ్ఞుడు తావ్ యున్‌క్వే, 1940ల తొలినాళ్లలో భాషాశాస్త్రజ్ఞుడు లువో ఛాంగ్‌పే చేసిన అధ్యయనాలతో వీరి జీవితం, భాష పండితుల దృష్టికి వచ్చాయి.

లోయ బయట డెరుంగ్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది స్త్రీల ముఖాల మీది పచ్చబొట్టు. పన్నెండు, పదమూడేళ్ల ప్రాయంలో బాలికను పడుకోబెట్టి, మసిలో ముంచిన వెదురు పుల్లతో ముఖం మీద ముందుగా గీతలు గీసి, ముల్లును చిన్న కర్రతో తడుతూ ఆ గీతల వెంట చర్మాన్ని పొడిచి, కారిన రక్తాన్ని తుడిచి, గాయంలో కుండమసి రుద్దేవారు. కొన్ని రోజులు వాచిన ముఖం పక్కులు రాలాక నీలి నలుపు గీతలతో మిగిలేది. ఆ గీతలు జీవితాంతం చెరిగేవి కావు. లోయ ఎగువ గ్రామాల్లో నుదుటి నడుమ నుంచి ముక్కు, బుగ్గలు, గడ్డం వరకు ముఖమంతా వల వంటి గీతలు పరచుకునేవి. దిగువ గ్రామాల్లో గడ్డం మీద కొన్ని నిలువు గీతలతోనే సరిపెట్టేవారు.

ఈ ఆచారానికి కారణంగా బానిస దండుల భయాన్ని చెప్పడం పరిపాటి: ఎత్తుకుపోయేవారికి ఆడపిల్లలు వికారంగా కనిపించాలని ముఖం పొడిపించారన్నది ఆ వాదం. దండులు నిజం, భయమూ నిజం. అయితే వికారం కోసమే పుట్టిన గుర్తుకు ఊరూరా వేర్వేరు నమూనాలు, వాటిని సరిగా వేసే నేర్పరులు, వేయించుకోని పిల్లకు పెళ్లి ఈడు రాలేదన్న భావన ఎందుకు ఏర్పడాలో ఆ ఒక్క కారణం చెప్పలేదు. అది సౌందర్యమని, యుక్తవయస్సుకు గుర్తని, మరణం తరువాత ఆత్మను పూర్వులు పోల్చుకునేందుకు ఆనవాలని వృద్ధ స్త్రీలు చెప్పిన వివరణలు నమోదై ఉన్నాయి. చనిపోయినవారి ఆత్మ చివరకు సీతాకోకచిలుక అవుతుందన్న నమ్మకాన్ని ముఖం మీది ఆకృతితో ముడిపెట్టినవారూ ఉన్నారు. ఎన్నో ప్రయోజనాలు ఒకే ఆచారంలో కలిసిపోయాయని, బానిసత్వపు భయం వాటిలో ఒకటని భావించడమే సమంజసం. 1950ల తరువాత అధికారులు దీన్ని నిరుత్సాహపరిచారు. 1960ల నడిమికల్లా కొత్తగా వేయడం ఆగిపోయింది. ఇప్పుడు ఆ ముఖాలతో కొద్దిమంది వృద్ధురాళ్లే మిగిలారు, వారిని ఫొటో తీసుకునేందుకు వచ్చే పర్యాటకులకు మాత్రం కొదవ లేదు.

సొంత లిపి లేని ఈ సమాజంలో లెక్కకూ కబురుకూ కర్రముక్క, తాడు సాధనాలయ్యాయి. పండుగకు పిలిచేవారు చెక్కపేడు మీద ఎన్ని గంట్లు పెడితే పండుగకు అన్ని రోజులున్నట్లు. అందుకున్నవారు రోజుకొక గంటును చెక్కేస్తూ చివరి గంటు నాటికి బయలుదేరేవారు. ప్రయాణికుడు తాడుకు రోజుకొక ముడి వేసుకునేవాడు. అప్పుల ఒప్పందాలకు కూడా గంట్లు పెట్టిన కర్రను నిలువునా చీల్చి చెరొక ముక్క దాచుకునేవారంటే, లెక్క తెలియని అమాయకులన్న మాట ఎంత తేలికైనదో అర్థమవుతుంది.

తిండి పోడు మీద ఆధారపడేది. అడవి నరికి, కాల్చి, మొక్కజొన్న, బక్‌వీట్, చిరుధాన్యాలు, చేమ వేసేవారు. భూమిని వదిలేసేటప్పుడు అందులో ఆల్డర్ చెట్లను కావాలని నాటడం డెరుంగ్ పోడు ప్రత్యేకత. ఈ చెట్టు వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి గనుక కొన్నేళ్లలోనే ఆ పొలం తిరిగి సాగుకు పనికొచ్చేది. నేల సారాన్ని ఇంత తెలిసి కాపాడుకున్న సాగును ‘విధ్వంసక పద్ధతి’గా లెక్కగట్టడం అన్యాయం. పంట చాలని నెలల్లో అడవి దుంపలు, జీలుగు జాతి చెట్టు కాండంలోని పిండి ఆదుకునేవి. తూర్పు కనుమల మన్యంలో కల్లుకు పేరుపడినది ఆ జాతి చెట్టే. వేటకు వత్సనాభి జాతి మొక్కల విషం పూసిన బాణాలు వాడేవారు. ఒకే ఇంట్లో కొడుకులకు పెళ్లయిన కొద్దీ పొయ్యిలు పెరిగేవి, జంటకొక పొయ్యి చొప్పున. వేటమాంసం మాత్రం ఊరంతా పంచుకోవలసిందే.

ఆ పంపకం పరాకాష్ఠకు చేరేది కచ్చ్యూవా అనే ఏడాది పండుగలో. చాంద్రమాన సంవత్సరం చివర, శీతాకాలంలో, ఊరూరా తమకు వీలైన రోజు చూసుకుని జరుపుకునే ఈ పండుగలో మిథున్ అనే కొండపశువును గుంజకు కట్టి, దాని మీద రంగుచారల నేత దుప్పటి కప్పి, పూసలు వేసి, ఆకాశ దేవతకు ప్రార్థన చేసి, ఈటెతో పొడిచి బలి ఇచ్చేవారు. గంటలు మోగిస్తూ చుట్టూ నాట్యం చేసి, మాంసాన్ని వచ్చినవారందరికీ సమంగా పంచేవారు. నడుముకు కట్టుకునే చిన్న మగ్గం మీద స్త్రీలు నేసే ఆ చారల దుప్పటే పగలు ఒంటి బట్ట, రాత్రి పక్క. పశువు ఈ లోయలో అప్పుకూ, కన్యాశుల్కానికీ కొలమానం. అంతటి విలువైనదాన్ని ఒక్కరోజులో ఊరికి పంచిపెట్టడం, ఎప్పుడూ ఇవ్వడమే గాని పుచ్చుకోవడం లేని కప్పపు సంబంధానికి సరిగ్గా తలకిందులుగా ఉన్న చర్య. 2006లో చైనా ప్రకటించిన తొలి జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో ఈ పండుగకు చోటు దక్కింది.

1949 తరువాత వసూళ్లూ బానిసత్వమూ రద్దయ్యాయి. ఈ మార్పు లోయకు నిజమైన విడుదల. 1952లో బీజింగ్ వెళ్లిన డెరుంగ్ నాయకుడు కోంగ్ జీచింగ్‌తో ప్రధాని చౌ ఎన్‌లై మాట్లాడిన తరువాత, బయటివారు పెట్టిన ‘చ్యూ’ స్థానంలో ‘దులోంగ్’ అధికారిక నామమైంది. 1956 అక్టోబరు 1న గోంగ్‌షాన్ డెరుంగ్, నూ స్వయంపాలిత కౌంటీ ఏర్పడింది. అదే దశాబ్దంలో వచ్చిన సామాజిక చరిత్ర సర్వే బృందాలు విలువైన సమాచారం సేకరించినా, మోర్గాన్, ఎంగెల్స్ చెప్పిన పరిణామ దశల చట్రంలో దాన్ని ఇమిడ్చి, డెరుంగ్ సమాజాన్ని ‘ఆదిమ సమాజపు చివరి దశ’గా తేల్చాయి. అక్కడి నుంచి నేరుగా సోషలిజంలోకి అడుగుపెట్టిన జాతి అన్న వర్ణన అలా స్థిరపడింది. శతాబ్దాల బాకీలు, ఇద్దరు ముగ్గురు యజమానులు ఉన్న సమాజాన్ని చరిత్ర తాకని సమాజంగా చూపిన లోపం ఆ వర్ణనలో ఉంది. 1960 అక్టోబరు 1న చైనా, బర్మా సరిహద్దు ఒప్పందం కుదిరినప్పుడు వీరి దగ్గరి బంధుజాతులైన రవాంగ్, తరోన్ ప్రజలు గీతకు ఆవల మిగిలారు.

తరువాతి మార్పులన్నీ దారి చుట్టూ తిరిగాయి. 1964లో గుర్రాలు నడిచే బాట పడింది. మంచుకాలానికి ముందు బియ్యం, ఉప్పు, మందులు ప్రభుత్వ గుర్రపు బిడారుల మీద చేరేవి. 1999లో మోటారు రహదారి వచ్చినా శీతాకాలంలో మూసుకుపోయేది. 2014లో గావ్‌లిగోంగ్ కొండ గుండా 6.68 కిలోమీటర్ల సొరంగం తెరుచుకున్నాకే లోయకు ఏడాది పొడవునా రాకపోకలు సాధ్యమయ్యాయి. ఈలోగా, ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో, సాగుభూమిని అడవిగా మార్చే ప్రభుత్వ పథకం కింద పోడు ఆగిపోయి, దాని స్థానంలో ప్రభుత్వం ఇచ్చే బియ్యం వచ్చింది. పోడుతో పాటు దాని విత్తనాలు, ఆల్డర్ చెట్టు లెక్కలు కూడా వాడుక నుంచి తప్పుకున్నాయి. అడవి నీడలో పెంచే చావ్‌గువో అనే పెద్ద యాలకుల జాతి పంట ఇప్పుడు ప్రధాన ఆదాయం. మైనం, కాప్టిస్ కాలంలో లాగానే దీని ధర కూడా లోయ బయటే నిర్ణయమవుతుంది. తేడా ఏమంటే, ఇప్పుడు బాకీకి బదులుగా పిల్లలను ఎవరూ పట్టుకుపోలేరు.

టిబెటో బర్మన్ కుటుంబానికి చెందిన డెరుంగ్ భాషకు, మయన్మార్ రవాంగ్‌లకు క్రైస్తవ మిషనరీ రాబర్ట్ మోర్స్ రూపొందించిన రోమన్ లిపి ఆధారంగా 1983లో లిపి తయారైంది. అయితే బడిలో చదువు చైనీస్‌లో సాగడం వల్ల దాని వాడుక పరిమితంగానే ఉండిపోయింది. ఈ ప్రజల గతాన్ని గురించి నేడు లభించే గ్రంథాల్లో అత్యధికం చైనీస్‌లోను, ఫ్రెంచి, ఇంగ్లీషుల్లోను బయటివారు రాసినవే.