ఉస్తాద్ చేతిలోని ఇల్మ్: లారీ ఇంజన్‌కు మళ్ళీ జాన్ పోసినవాళ్ళ తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. మన కారీగర్ల హునర్‌కు తేదీలు దొరుకుతాయి, చరిత్ర రాసినవాళ్ళే తక్కువ. బొల్లాపల్లిలో మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీ వినుకొండ, నరసరావుపేట దాటి గుంటూరు యార్డుకు చేరాలంటే ఇంజన్‌లో దమ్ముండాలి. "లోడు లాగడం లేదు భాయ్, ఆయిల్ తాగుతోంది" అని డ్రైవర్ అంటే చాలు, ఉస్తాద్‌కు రోగం సగం తెలిసిపోతుంది. ఆ మాటల వెనకున్న జమానా కథ ఇది.

జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన ఇంజన్‌కు పేటెంట్ కోరాడు. 1897కు అది సరిగ్గా పనిచేసి చూపించింది. మన దేశంలో అశోక్ మోటార్స్ 1948లో మొదలై, 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1954లో టాటా, మెర్సిడెస్ బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఒప్పందం 1969లో ముగిసినా ఇంజన్ ఖాందాన్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అదే దౌర్‌లో, 1960ల్లో, బెజవాడలో జవహర్ ఆటోనగర్ వెలిసింది. పల్నాడు లారీలకు పెద్ద రిపేరంటే ఆటోనగరే గుర్తొచ్చేది.

టాటా 692 ఇంజన్ పేరు చూడండి. 6 సిలిండర్లు, 92 మి.మీ. బోరు. తర్వాత వచ్చిన 697లో బోరు 97. బోరుతో పాటు స్ట్రోకు కూడా 120 నుంచి 128 మి.మీ.కు పెరిగింది. దాంతో 4.8 లీటర్ల ఇంజన్ 5.7 లీటర్లకు చేరింది. తాకత్ పెంచడానికి కంపెనీ పట్టుకున్న దారి ఇదే: ఎక్కువ గాలి పట్టే చోటు ఇవ్వడం. గాలి పెరిగితేనే డీజిల్ పూర్తిగా కాలుతుంది.

లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌లో లైనర్ అంతా ఒకేలా అరగదు. పిస్టన్ పైకొచ్చి ఆగే చోట, పై రింగు ఆడే దగ్గర ఎక్కువ అరుగుతుంది. కంప్రెషన్ కింద ఛాంబర్‌లోకి జారిపోతుంది, బ్రీదర్ పొగ కక్కుతుంది. అప్పుడు ఇంజన్ దింపాల్సిందే. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేస్తారు. క్రాంకును పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో గ్రైండింగ్ చేయించి ఆ సైజు బేరింగులు బిగిస్తారు. వాల్వులు కూర్చోబెట్టి, నాజిళ్ళు, పంపు టెస్ట్ చేయిస్తారు. లైనర్ లోపల అడ్డంగా సన్నని గీతలు మిగలాలి. ఆయిల్ నిలిచేది వాటిలోనే. అద్దంలా నున్నగా ఉంటే రింగులు కుదురుకోవు.

ఇంత మెహనత్ చేసి ఉస్తాద్ ఇచ్చేది కొత్త తాకత్ కాదు, పోయిన తాకత్. ఇంకా కావాలని పంపు తిప్పి డీజిల్ పెంచమనే ఓనర్లు ఏ జమానాలోనైనా ఉన్నారు. గాలి పెరగకుండా డీజిల్ పెంచితే నల్లపొగ, వేడి, చివరికి కరిగిన పిస్టన్. గాలిని నొక్కి పంపే టర్బోకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ పాత ఇంజన్‌కు టర్బో తగిలిస్తే సరిపోదు. పిస్టన్లు, కూలింగ్, క్లచ్, గేర్‌బాక్సు ఆ జోరును మోయాలి. క్రౌన్ పళ్ళ లెక్క మారిస్తే అదే ఇంజన్ ఎక్కువ బరువు లాగుతుంది, స్పీడు తగ్గుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు హద్దులు పెట్టింది. లాగే తాకత్ పెరిగితే ఆపే తాకత్ కూడా పెరగాలి. బ్రేకు సంగతి ముందు అడిగేవాడే అసలు ఉస్తాద్. దిగుడులో ఉండేది ఒక ఇంటి దీపం.

క్రాంకు కథ చాలా పాతది. అల్ జజరీ అనే కారీగర్ తన యంత్రాల వివరాలను 1206లో కితాబుగా పూర్తి చేశాడు. అందులోని ఒక నీటి పంపులో గుండ్రంగా తిరిగే కదలిక పిస్టన్ల ముందువెనుకల కదలికగా మారుతుంది. మన ఇంజన్‌లో అదే పని తిరగేసి జరుగుతుంది. ఆర్తుకీ పాలకుడు కోరితే ఆయన కొలతలతో, బొమ్మలతో రాశాడు. అందుకే ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పంపును మళ్ళీ చేసి చూడగలుగుతున్నాం.

మన ఉస్తాదులను ఎవరు కోరారు? ముస్లింలు సొంత పనుల మీదే ఎక్కువగా బతుకుతున్నారని 2006 సచార్ నివేదిక చెప్పింది. మోటారు రిపేరూ వాటిలో ఒకటి. స్పానర్ అందించే శాగిర్ద్ చూసి నేర్చుకున్నాడు తప్ప కాగితం మీద కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చింది. కొత్త లారీ రోగం కంప్యూటర్ చెబుతోంది. పిల్లలు దాన్ని నేర్చుకోవాలి, మంచిదే. కానీ చెవితో బేరింగ్ శబ్దం పట్టే తజుర్బా ఏ కంప్యూటర్‌లోనూ లేదు.

మీ ఇంట్లో దాదా, నానా, మామూ ఎవరైనా ఇంజన్లు విప్పిన చేతులుంటే పక్కన కూర్చోండి. ఏ ఇంజన్, ఏ కొలత, ఏ పొగకు ఏ రోగం అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. తెలుగులో చెప్పినా, ఉర్దూలో చెప్పినా సరే. అది అమానత్. వాళ్ళుండగానే అందుకోవాలి.