పదవి లేని రాయబారం

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు జనానికి దౌత్యం కొత్త కాదు. కాకపోతే చాలాకాలం అది వాళ్ల నెత్తిన పడిన వ్యవహారమే తప్ప వాళ్లు చేసిన పని కాదు. 1791 నవంబరులో కృష్ణగిరి కొండకోట మీదికి ఎక్కబోయిన ఈస్టిండియా కంపెనీ సేనను లోపలివాళ్లు తిప్పికొట్టారు. అయిదు నెలలు తిరక్కుండానే, 1792 మార్చిలో, శ్రీరంగపట్నం ఒప్పందంతో అదే కోట కంపెనీ వశమైంది. ఆ ఒప్పందంలో టిప్పు సుల్తాను రాజ్యంలో దాదాపు సగం వదులుకున్నాడు. మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ బాకీకి హామీగా తన ఇద్దరు చిన్న కొడుకుల్ని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ శిబిరానికి పంపాడు. కృష్ణగిరి చుట్టూ ఉన్న బారామహల్ కంపెనీకి పోయింది, కొండల పైనున్న హోసూరు మాత్రం 1799లో టిప్పు చనిపోయేదాకా మైసూరులోనే ఉండిపోయింది. ఏడేళ్లపాటు ఇరుగుపొరుగు ఊళ్లు రెండు రాజ్యాలయ్యాయి. ఒప్పందం వెనకాలే కొలతగొలుసులు వచ్చాయి. కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో బారామహల్ పొలాలు కొలిపించి, రైతే నేరుగా శిస్తు కట్టే పద్ధతికి ఇక్కడే రూపం ఇచ్చారు. శ్రీరంగపట్నంలో కుదిరిన మాటకు ఫలితం అనుభవించింది పొలంలో ఉన్నవాడు. అతణ్ని అడిగినవాళ్లు లేరు.

అదే నేల మీద, హోసూరు పక్కన తొరపల్లిలో, 1878 డిసెంబరు 10న, రాజాజీ అని అందరూ పిలిచే చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టారు. తండ్రి ఆ ఊరి మునసబు. అంటే రీడ్, మన్రోలు వేసిన శిస్తు వ్యవస్థలో చిట్టచివరి మెట్టు మీద కూర్చుని గ్రామ లెక్కలు చూసిన మనిషి. హోసూరు పేరు కన్నడం, కొత్త ఊరని అర్థం. వాడలో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో మూడూ వినిపించే చోటు అది. రాజాజీ అక్కడే చదువు మొదలుపెట్టి, బెంగళూరు, మద్రాసు మీదుగా సేలంలో వకీలయ్యారు. ఆ తర్వాతి జీవితం అందరికీ తెలిసిందే. నేను ఇక్కడ పట్టుకోదలచినది ఆ జీవితంలో చాలామంది మరిచిపోయిన ఒక్క ప్రయాణం. 1962 సెప్టెంబరులో, ఎనభై మూడేళ్ల వయసులో, ఏ పదవీ లేని రాజాజీ వాషింగ్టన్ వెళ్లి అణు పరీక్షలు ఆపమని అమెరికా అధ్యక్షుడితో వాదించారు. ఆ రాయబారానికి వచ్చిన బరువు ఆయన వెనకటి పదవుల వల్ల వచ్చింది కాదనీ, పదవి లేకపోవడం వల్లా, సొంత ప్రభుత్వాన్ని కూడా అదే గొంతుతో నిలదీయడం వల్లా వచ్చిందనీ నా వాదన.

ముందు ఆనాటి గాలి ఎలా ఉందో చూడాలి. గాలి అన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టుగానే వాడుతున్నాను. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద, దూరాన చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి పొడిలా రాలింది. అందులో ఉన్న ఇరవై ముగ్గురూ జబ్బు పడ్డారు, ఒకరు అదే ఏడాది చనిపోయారు. రొంగెలాప్ దీవి జనాన్ని ఇళ్లు విడిపించి తరలించాల్సి వచ్చింది. ఆ దీవులు ఐక్యరాజ్యసమితి తరఫున అమెరికా సంరక్షణలో ఉన్నవి. కాపాడతానని పూచీ పడ్డవాడే నెత్తిన బూడిద పోశాడని అక్కడి జనం సమితికే అర్జీ పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 2న, జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో లేచి, పూర్తి నిరాయుధీకరణ తేలేదాకా కనీసం పరీక్షలైనా ఎక్కడివక్కడ ఆపండని ప్రపంచాన్ని కోరారు. అలా కోరిన మొదటి దేశాధినేతల్లో ఆయన ఒకరు. భారతదేశం చేసిన మంచి పనుల్లో దాన్ని లెక్కించక తప్పదు.

కానీ మంచి మాటకు కూడా, పలికేవాడి నడత చూసే విలువ కడతారు. 1956లో బ్రిటన్, ఫ్రాన్సులు సూయజ్ మీద పడితే ఢిల్లీ వెంటనే ఖండించింది. అదే రోజుల్లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో జనాన్ని నలిపేస్తే మాత్రం గొంతు పెగలడానికి చాలా సమయం పట్టింది. హంగేరీలో సమితి పర్యవేక్షణలో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి భారత ప్రతినిధి కృష్ణ మీనన్ వ్యతిరేకంగా ఓటేశారు. 1961 డిసెంబరులో గోవాలోకి మన సైన్యం వెళ్లింది. పోర్చుగీసు పాలన పోవలసిందే, అందులో నాకు సందేహం లేదు. పద్నాలుగేళ్లు ఓపిక పట్టారన్నదీ నిజమే. అయినా బలప్రయోగం వద్దని ఊరూరా చెప్పిన దేశం చివరికి బలమే వాడేసరికి బయటివాళ్లకు మాట దొరికింది. నీతులు బోధించిన పెద్దమనిషి తప్పుడు ఇంట్లోంచి వస్తూ దొరికిపోయినట్టుందని జనం అనుకుంటున్నారని, అమెరికా అధ్యక్షుడు కెనడీ భారత రాయబారి బి.కె. నెహ్రూతో అన్నారని చెబుతారు. అది ఎత్తిపొడుపే అయినా అందులో ఉన్న నిజం మనవాళ్లను నొప్పించింది.

సరిగ్గా ఆ సమయంలో, దేశమంతా గోవా గెలుపు సంబరంలో ఉండగా, రాజాజీ తన స్వరాజ్య పత్రికలో ఎదురు రాశారు. సైనిక బలాన్ని తప్పుపట్టే నైతిక అధికారాన్ని భారతదేశం ఇక పోగొట్టుకుందన్నారు. ఆ మాట అనడానికి అదెంత గడ్డు రోజో గుర్తుంచుకోవాలి. రెండు నెలల్లో సార్వత్రిక ఎన్నికలున్నాయి. నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా అధ్యక్షుడిగా, రాజాజీ ప్రాణంగా 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ మొదటిసారి దేశవ్యాప్తంగా ఓట్లడగబోతోంది. ఓట్లు కావలసినవాడు ఆ రోజున గోవా జోలికి పోడు. ఆయన పోయారు. పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్లు. రాజాజీ ఇంట గెలవలేదు. అయితే ఇంట చెప్పవలసింది చెప్పారు, రచ్చకెక్కే అర్హత దాంతోనే వచ్చింది.

1962 జూన్‌లో ఢిల్లీలో గాంధీ శాంతి ప్రతిష్ఠానం అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా మహాసభ జరిపింది. లైసెన్సు పర్మిట్ రాజ్యమని తాను రోజూ దుయ్యబట్టే నెహ్రూతో ఆ వేదిక పంచుకోవడానికి రాజాజీ వెనకాడలేదు. అక్కడి నుంచే విదేశాలకు ప్రతినిధుల్ని పంపాలన్న ఆలోచన సాగింది. ఆర్.ఆర్. దివాకర్, బి. శివరావులతో కలిసి రాజాజీ బయలుదేరారు. పాశ్చాత్య దేశాల గడప ఆయన తొక్కడం అదే మొదటిసారి. సెప్టెంబరు చివర్లో, పంచె, అంగవస్త్రం, చేతికర్రతో ప్రపంచానికి తెలిసిన ఆ ముసలాయన వైట్‌హౌస్‌లో నలభై అయిదేళ్ల అధ్యక్షుడి ముందు కూర్చున్నారు. ఆ వారం కెనడీకి ఊపిరాడని వారం. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థిని చేరనివ్వబోమని ఆ రాష్ట్రం తిరగబడి ఉంది, ఆ గొడవలో ఇద్దరి ప్రాణాలు పోయాయి. అలాంటి రోజుల్లోనూ అధ్యక్షుడు ఆయన చెప్పినదంతా శ్రద్ధగా విన్నారు. ఒక వాదాన్ని ఇంత స్పష్టంగా, ఇంత అందమైన భాషలో వినడం అరుదనీ, ఆ భేటీ తనలో సంస్కారాన్ని మేల్కొల్పిందనీ తర్వాత మెచ్చుకున్నారు.

రాజాజీ వాదం సాత్వికమైన శాంతి ప్రబోధం కాదు. సేలం కోర్టులో రాటుదేలిన వకీలు వాదం. గెలవగలిగిన ఆయుధ పోటీ అయినా ప్రమాదమేనని అమెరికాను హెచ్చరించారు. అవతలివాడు ఆపితే నేనూ ఆపుతానని ఇద్దరూ కూర్చుంటే ఎవరూ ఆపరని, ధైర్యమున్నవాడు ముందు తనంతట తాను ఆపాలని 1950ల నడిమి నుంచీ ఆయన రాస్తూనే ఉన్నారు. అన్నిటికంటే పదునైనది మరొకటి. బాంబు యుద్ధంలో పడితేనే నేరం అనుకుంటాం, పరీక్షే నేరం. ఇద్దరి తగాదాతో సంబంధం లేని మూడోవాడి గాలిని, వాడి పిల్లలు తాగే పాలను పాడుచేసే హక్కు ఎవరికీ లేదు. పాలు అన్నది అలంకారం కాదు. పేలుడులో పుట్టే స్ట్రాన్షియం-90 వానతో గడ్డి మీదికి, గడ్డితో ఆవు పొదుగులోకి, పాలతో పసిపిల్లల ఎముకల్లోకి చేరుతుంది. సెయింట్ లూయీ నగరంలో తల్లులు పిల్లల ఊడిన పాలపళ్లను కవర్లలో పెట్టి శాస్త్రవేత్తలకు పంపిస్తున్న కాలం అది. ప్రభుత్వాల మధ్య ఆయుధాల లెక్కగా ఉన్న విషయాన్ని, సంధిపత్రం మీద పేరు లేని మనిషి హక్కుగా ఆయన మార్చి చూపారు. బారామహల్ రైతు గుర్తొచ్చి ఆయన అలా వాదించారని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఆ రైతుకు 1792లో దొరకని వకాల్తా సరిగ్గా ఇదే.

ఇక్కడ తెలుగు పాఠకుడు అడ్డు తగులుతాడని నాకు తెలుసు, తగలాలి కూడా. మనకు రాజాజీ పేరు వినగానే గుర్తొచ్చేది వైట్‌హౌస్ కాదు, మద్రాసులో పొట్టి శ్రీరాములు మరణశయ్య. 1952 అక్టోబరు 19న మొదలైన ఆ నిరాహారదీక్ష డిసెంబరు 15న ప్రాణంతో ముగిసేనాటికి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే. ఎక్కడో వాషింగ్టన్‌కు వెళ్లి మనసు కరిగించబోయిన మనిషి, తన ఊళ్లోనే ఒకడు రోజురోజుకూ కరిగిపోతుంటే ఏం చేశాడు? 1938లో బడుల్లో హిందీ తప్పనిసరి చేసి, కాదన్నవాళ్లను జైళ్లలో పెట్టిందీ ఆయనే. ఆ జైల్లో ఇద్దరు యువకులు చనిపోయారు. ఈ ఆక్షేపణను నేను పక్కకు నెట్టను, క్షమించమని అడగను. హోసూరులో ఇవాళ్టికీ తమ భాషలో చదువు కోసం అర్జీలు పెట్టుకునే తెలుగువాళ్ల దగ్గర ఆ మాట ఎత్తితే మొహం చెల్లదు. అయితే ఈ ఆక్షేపణ నా వాదాన్ని పడగొట్టడం లేదు, బలపరుస్తోంది. 1938లోనూ 1952లోనూ ఆయన కుర్చీలో ఉన్నారు. కుర్చీలో ఉన్న రాజాజీ శాంతిభద్రతలు, ప్రతిష్ఠ, రాజ్య హద్దులు అని అందరు పాలకుల్లాగే ఆలోచించారు. కుర్చీ దిగాక ఆయనే హిందీని బలవంతంగా రుద్దవద్దని పోరాడారు, గోవాపై ఎదురు రాశారు, వాషింగ్టన్ వెళ్లారు.

అయితే మరొకటి అంటారు. బాధ్యత లేనివాడికి నీతి చౌక, రేపు సరిహద్దు మీద ఏమైనా జరిగితే జవాబు చెప్పవలసింది నెహ్రూ కానీ రాజాజీ కాదు కదా అని. ఇందులో బలముంది. ఆ భేటీ జరిగి నెల కూడా కాకముందే, అక్టోబరు 20న, చైనా సేనలు మన మీద పడ్డాయి. సోవియట్ మద్దతు, అమెరికా ఆయుధాలు, సమితిలో ఓట్లు అన్నీ తూచుకుంటూ మాట్లాడవలసినవాడికి హంగేరీ విషయంలో నోరు కట్టుబడిపోవడం అర్థం చేసుకోలేనిది కాదు. కాబట్టే ఒక దేశానికి రెండు గొంతులు కావాలంటున్నాను. ప్రభుత్వం బేరమాడే గొంతు, బేరంతో పనిలేని పౌరుల గొంతు. రెండో గొంతును విదేశానికి వెళ్లనిచ్చిన నెహ్రూ గొప్పతనం కూడా ఇందులో ఉంది. తనను ఎన్నికల్లో ఎదిరించిన ప్రత్యర్థి, గోవా మీద ప్రపంచం ముందు తనను తప్పుపట్టిన వృద్ధుడు, ఏడాది తిరక్కుండానే బయటికెళ్లి మాట్లాడుతుంటే ద్రోహం అని ఆయన అరవలేదు. అప్పట్లో మాస్కోలో అలాంటిది ఊహకందని సంగతి.

ఇంతకీ ఆ రాయబారం వల్ల ఏమైనా జరిగిందా? కృష్ణరాయబారం పద్యాలు నోటికొచ్చిన జాతికి ఈ ప్రశ్న కొత్త కాదు. కృష్ణుడు అయిదూళ్లు సాధించుకు రాలేదు. వెళ్లడం వల్ల తప్పెవరిదో సభలో అందరికీ తెలిసింది. రాజాజీ విషయంలో ఆ మాత్రంతో సరిపెట్టుకోనక్కర్లేదు. అక్టోబరులో క్యూబా సంక్షోభం ప్రపంచాన్ని బాంబు అంచుకు తీసుకెళ్లి వెనక్కు తెచ్చింది. 1963 జూన్ 10న కెనడీ, ఇతరులు చేయనంతకాలం అమెరికా వాతావరణంలో అణు పరీక్షలు చేయదని ఏకపక్షంగా ప్రకటించారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, క్యూబా భయం అన్నిటికన్నా పెద్దది, తొరపల్లి వకీలు మాటకు అందులో ఎంత వాటా ఉందో కొలిచే తూనిక లేదు. కానీ ముందు తనంతట తాను ఆపేవాడే ఆట ముగిస్తాడన్న ఆ ముసలాయన లెక్క తప్పలేదు. ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్‌లు పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకం చేశాయి. మూడు రోజులకు, ఇతర దేశాలకు అవకాశం తెరుచుకోగానే, భారతదేశం సంతకం పెట్టింది. సంతకం చేసిన దేశాల పేలుళ్లు నేల మీద, నీటిలో, ఆకాశంలో ఆగాయి, భూమి లోపల ఆగలేదు. కాని ఆ ఒప్పందం మొదటి అధికరణంలోనే ఒక షరతు ఉంది. ఏ పేలుడు వల్ల అణుధూళి పేల్చిన దేశపు హద్దులు దాటి బయటికి వస్తుందో ఆ పేలుడు చేయరాదు. 1974 మే 18న, రాజాజీ పోయిన రెండేళ్లలోపే, భారతదేశం పోఖ్రాన్‌లో తన మొదటి అణు పరీక్ష జరిపినప్పుడు, ఆ షరతుకు లోబడి దాన్ని ఇసుక కింద గోతిలో జరిపింది.