నాలుగు బల్లల పేకాట



మా తొండియార్‌పేటలో శివరాత్రి జాగారానికి మిద్దె మీద పదమూడు ముక్కలాట సాగేది. ఆరుగురికీ ఒకటే చాప. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో గుర్తుపెట్టుకోవడంలోనే తెల్లవారేది. 2022లో మా మేడ మీద అద్దెకున్న కుర్రవాడు ఒకే తెర మీద నాలుగు బల్లలు తెరిచి పోకర్ ఆడుతూ కనిపించాడు. "చిన్న పందేలే సార్" అన్నాడు.

ఆ చాపకూ ఈ తెరకూ నడుమ ఒక తీర్పు ఉంది. 1963లో సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ మూడు ముక్కలాటలాగా ఒట్టి అదృష్టం కాదు, పడిన ముక్కలు జ్ఞాపకం ఉండాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. ఈ మాట పేకాటరాయుళ్ళందరికీ కంఠస్థమే. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే అది నేరమే కావచ్చునని. దాన్ని మాత్రం ఎవరూ తలచుకోరు.

ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడటం 1998లో మొదలైంది. అక్కడ ముక్కలు కలిపే పని, పంచే పని యంత్రానిదే. ఒక బల్ల దగ్గర మన వంతు వచ్చేలోగా ఇంకో బల్ల దగ్గర ఆడవచ్చు. గట్టి నేర్పరికి గంటకు ఎక్కువ ఆటలు పడటం లాభమే, కాదనను. కానీ నాలుగు చోట్ల కళ్ళు పెట్టినవాడు ఎదుటివాడి తీరు ఎంతని కనిపెడతాడు?

పంతులుద్యోగం కదా, ఆ అబ్బాయికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. సులువుకోసం ఆరుగురు తలా 10 రూపాయలు వేశారనుకుందాం. 60లో నిర్వాహకుడు 6 తీసుకుని, గెలిచినవాడికి 54 ఇస్తాడు. అందరి నేర్పూ సమానమైతే సగటున ఆటకు తలా ఒక రూపాయి పోయినట్టే. గంటకు బల్లకు 20 ఆటలు, నాలుగు బల్లలకు 80 రూపాయలు. రాత్రికి నాలుగు గంటలైతే 320. నెలకు 9,600. కుర్రవాడు కాగితం తిప్పి చూసి, "గెలుపు ఓటములే రాసుకున్నాను సార్, ఈ కోత రాయలేదు" అన్నాడు. వాడి అద్దె రెండు నెలలుగా బాకీ.

చట్టాల కథ మన సరిహద్దువారికి మరీ వింత. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌నూ నిషేధించింది. తమిళనాడు తెచ్చిన నిషేధాన్ని 2021 ఆగస్టు 3న మద్రాసు హైకోర్టు కొట్టేసింది. దాంతో తడలో తప్పయిన ఆట, నాలుగడుగులు ఇవతల ఆరంబాక్కంలో ఒప్పయింది! తమిళనాడు మళ్ళీ చట్టం చేస్తే, 2023 నవంబరులో అదే హైకోర్టు రమ్మీ, పోకర్ నేర్పుతో కూడిన ఆటలేనంది.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నేర్పా అదృష్టమా అన్న వాదమే ఎత్తలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించే ఆట ఏదైనా నిషేధమే. అందులో శిక్ష ఆడినవాడికి కాదు, ఆడించినవాడికి: మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.