కూచిపూడి ఇచ్చిన పరీక్ష

జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ నగరంలో ఫాల్ట్స్‌థియేటర్ అనే రంగశాల ఉంది. సంగీత నాటకం, మాటల నాటకం, నృత్యం మూడూ అక్కడ ఒకే కప్పు కింద నడుస్తాయి. ఇటువంటి రంగశాలల నృత్యబృందాల్లో చేరదలచినవారికి పెట్టే పరీక్షను జర్మన్ భాషలో ‘ఫోర్‌టాన్‌ట్సెన్’ అంటారు. ఎదుట నిలిచి ఆడి చూపడమని ఆ మాటకు అర్థం. బృందం ప్రదర్శించేది ఆధునిక నృత్యమే అయినా, ఐరోపాలో చాలాచోట్ల తొలి వడపోత బాలే పాఠంతోనే మొదలవుతుంది. తుంటి కీలు బయటికి ఎంత తిరుగుతుందో అక్కడే తేలిపోతుంది. ఎదుగుదల ముగిసిన ఎముక సాధనకు కొంతవరకే లొంగుతుంది. ఆపైన బలవంతం చేస్తే ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది.

ఇటువంటి పరీక్ష ఒక వ్యక్తికి కాక ఒక సంప్రదాయానికే ఎదురైన సందర్భం తెలుగువారి చరిత్రలో ఉంది.

1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో అఖిల భారత నృత్య సదస్సు జరిపింది. దేశంలోని నృత్యరీతుల్లో దేన్ని శాస్త్రీయమనవచ్చునన్న ప్రశ్న ఆ సదస్సు మీద నీడలా పరచుకొని ఉండేది. కూచిపూడి పక్షాన విస్సా అప్పారావు పత్రం చదివారు. కాంచనమాల అనే నర్తకి (సినీనటి కాదు) ఆడి చూపారు. శాస్త్రీయ నృత్యంగా ప్రత్యేక స్థానం మాత్రం ఆ సదస్సులో కూచిపూడికి దక్కలేదు.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. కూచిపూడి గ్రామంలో తరతరాలుగా ఆడింది పురుషులు. సత్యభామ వేషమూ వారిదే. అది మేళంగా కూడి, పాడుతూ, మాటలాడుతూ, రాత్రంతా సాగించే కలాపం, యక్షగానం. ఢిల్లీకి వెళ్ళింది మాత్రం ఒంటరి స్త్రీ నృత్యం. ఎందుకంటే అప్పటికే భరతనాట్యం కచేరీ రూపంలో స్థిరపడి, శాస్త్రీయ నృత్యమంటే ఇలా ఉండాలన్న కొలబద్దగా మారింది. ఆ కొలతకు తగినట్టు వెళ్ళినా ఫలితం లేకపోయింది. పోలిక మరీ దగ్గరగా ఉంటే ‘ఇది వేరే రీతి ఎలా అవుతుంది’ అంటారు, దూరంగా ఉంటే ‘ఇది నాటకం’ అంటారు. పరీక్షకులకు రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. భాష పేరిట ఏర్పడిన రాష్ట్రానికి తనదని చెప్పుకొనే నృత్యం కావలసి వచ్చింది. 1959లో రాష్ట్ర సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో కూచిపూడికే ప్రత్యేకంగా సదస్సు జరిపింది. బందా కనకలింగేశ్వరరావు వంటివారు పట్టుదలతో వాదన నిర్మించారు. 1961లో వేదాంతం సత్యనారాయణ శర్మకు కేంద్ర అకాడమీ పురస్కారం లభించింది. స్త్రీవేషానికి పేరుపొందిన పురుషునికి ఆ గౌరవం దక్కడం గ్రామ సంప్రదాయానికి నిజమైన విజయం. అయితే కాలం నడిచిన దారి వేరు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, అడవులను క్రమబద్ధం చేసి, ఎందరో యువతులకు నేర్పారు. ఆయన రూపకాల సౌందర్యాన్ని కాదనలేము. కూచిపూడి ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా ఆ రూపంలోనే. కానీ ఏకపాత్ర కచేరీ పెరిగిన కొద్దీ నర్తకి నోటి మాట తగ్గింది, పాట పక్కన కూర్చున్న గాయకులకు చేరింది. సదస్సులో కూచిపూడిని విడిగా నిలబెట్టగలిగిన లక్షణం బహుశా ఆ వాచికమే.

2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా నర్తకులు ఒకే హిందోళ తిల్లానాను ఏకకాలంలో ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అది గర్వించదగిన దృశ్యమే. అన్ని వేల చేతులు ఒకే క్షణంలో లేవాలంటే ఆ కదలిక ముందే ఎంతగా ఒక అచ్చులో పోసినదై ఉండాలో కూడా ఆ దృశ్యమే చెబుతుంది.

ఈ పరీక్షకు పిలుపే రానివారు కళావంతులు. గోదావరి తీరపు మేళాల్లో ఈ స్త్రీలు పదాలు, జావళీలు, సలాం దరువులే కాదు, భామాకలాపమూ ఆడేవారు. 1947 మద్రాసు చట్టం దేవదాసీల అంకితాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో జరిగిన సవరణ పెళ్ళిళ్ళు మొదలైన వేడుకల్లో వారి ఆటకూ అడ్డుకట్ట వేసింది. అంకితం పేరిట జరిగిన దోపిడీ నిజం, దాన్ని ఆపవలసిందే. కానీ చట్టం ఆపింది దోపిడీని మాత్రమే కాదు. సత్యభామ పాత్రను తరతరాలుగా ఆడిన స్త్రీల నోరు మూసిన రెండేళ్ళకే, తెలుగు నృత్యం ఎంత ప్రాచీనమో నిరూపించడానికి ఢిల్లీలో ఒక స్త్రీ చేత ఆడించి చూపవలసి వచ్చింది.

తరువాతి కాలంలో నటరాజ రామకృష్ణ కళావంతుల విద్యను ఆంధ్రనాట్యం పేరుతో వేదికకు తెచ్చారు. 2012లో వెలువడిన గ్రంథంలో దవేశ్ సోనేజీ, గోదావరి జిల్లాల్లోని వృద్ధ కళావంతులు తమ ఇళ్ళలో, తలుపులు వేసుకొని, తమలో తాము పాత పదాలను అభినయించుకోవడాన్ని నమోదు చేశారు. వారి ముందు న్యాయనిర్ణేతలెవరూ లేరు. కూర్చున్నచోటే పాడుతూ, చేతులతో చూపుతూ ఆడేవారు.