నమీబ్ ఎడారి పట్టణాలు

నమీబియా పశ్చిమ తీరం వెంబడి సాగే నమీబ్ ఎడారిలో ఊళ్లు తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఓడరేవుల వల్లనో, వజ్రాల వల్లనో పుట్టాయి. స్వాకోప్‌ముండ్‌ను 1892లో జర్మన్లు రేవుగా స్థాపించారు. దాని దక్షిణాన ఉన్న వాల్విస్ బే 1994 దాకా దక్షిణాఫ్రికా చేతిలోనే ఉంది. లూడరిట్జ్ రేవు పక్కనున్న షార్క్ ద్వీపంలో 1905–07 మధ్య జర్మన్లు హెరెరో, నామా ప్రజలను నిర్బంధించారు. అక్కడ వేలమంది మరణించారు. వలసకాలపు అందమైన భవనాల గురించి రాసేవారు ఈ సంగతిని తరచు దాటేస్తారు.

పాడుబడిన ఊళ్లలో పేరున్నది కోల్మన్స్‌కోప్. 1908లో రైలుపట్టాల మీది ఇసుక తీస్తున్న జకారియాస్ లెవాలా అనే కార్మికుడికి మెరిసే రాయి దొరికింది. దాన్ని అతను పై అధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కి ఇచ్చాడు. సంపన్నుడైంది స్టౌఖ్. కొన్నేళ్లలోనే అక్కడ ఆసుపత్రి, నాట్యశాల, మంచు తయారీ కర్మాగారం వెలిశాయి. మంచినీళ్లు మాత్రం బయటినుంచి తేవలసిందే! ఆసుపత్రిలోని ఎక్స్‌రే యంత్రం, కూలీలు మింగిన వజ్రాలను పట్టడానికి కూడా ఉపయోగపడేదని చెబుతారు.

1920ల చివర్లో ఆరెంజ్ నది దగ్గర మరింత గొప్ప నిక్షేపాలు బయటపడడంతో జనం అటు కదిలారు. 1956 నాటికి ఊరు పూర్తిగా ఖాళీ అయింది. ఎలిజబెత్ బే, పొమోనా కూడా ఇలాగే పాడుబడ్డాయి. నదీముఖం దగ్గర గని సంస్థ కట్టిన ఒరాన్యెముండ్‌లోకి 2017 వరకు అనుమతిపత్రం లేనిదే ఎవరినీ రానిచ్చేవారు కాదు.